నాలుగు వేళ్ల ఎత్తు

ఆదివారం మధ్యాహ్నం తార్సీజియో ఇంటి పెరట్లో ఇటుకల పొయ్యి మీద పక్కటెముకల మాంసం కాలుతోంది. మాతే ఆకు కషాయం పోసిన సొరబుర్ర చేతులు మారుతోంది. పక్కింటి ఒర్లీ తార్సీజియో కొడుకు, తొమ్మిదేళ్ల జాదెర్‌ను భుజాల మీదికెత్తుకుని పెరడంతా తిప్పుతున్నాడు. ఆ ఉదయం లోయలోని పిల్లల బంతాట పోటీలో జాదెర్ ఒంటిచేత్తో కాదు, రెండు కాళ్లతో ఊరిని గెలిపించి వచ్చాడు మరి.

"చూసుకోండయ్యా, తార్సీజియో బ్యాంకు నా భుజాల మీదుంది. రేపు నువ్వు పెద్ద ఆటగాడివైతే మీ నాన్న మమ్మల్ని గుర్తుపడతాడంటావురా?" అన్నాడు ఒర్లీ.

"నువ్వు పొయ్యి దగ్గర్నుంచి కదిలావంటే ఇప్పుడే మర్చిపోతాను. మాంసం మాడుతోంది," అన్నాడు తార్సీజియో.

"నాన్నకి ఏం కొనిస్తావురా?"

"ఇల్లు," అన్నాడు జాదెర్.

"మరి అమ్మకి?"

పిల్లవాడు తల్లి వైపు చూశాడు. ఇవానీర్ ఆదివారం కూడా గుమ్మంలో కూర్చుని జతకింత కూలికి బూట్ల పైతోళ్లు కుడుతూనే ఉంది.

"అమ్మ చేత ఆ కుట్టుపని మాన్పిస్తా."

అందరూ నవ్వారు. ఇవానీర్ కూడా నవ్వింది. ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. పిల్లవాడు ముద్దుగా మాట్లాడాడు, పెద్దలు మురిసిపోయారు, అంతే కదా అనవచ్చు. మా సావో జెర్వాజియో ఊళ్లో అప్పుడు మేమందరం అలాగే అనుకున్నాం. ఒక ఇంటి బరువు పసివాడి నెత్తి మీదికి ఎక్కేటప్పుడు చప్పుడు చేయదు. ఇలాగే నవ్వుల మధ్య, మాంసం వాసన మధ్య, మెల్లగా ఎక్కి కూర్చుంటుంది.

ఆ ఇంటికి బరువు లేకపోలేదు. బూట్ల ఫ్యాక్టరీ ఉత్తరాదికి తరలిపోయాక తార్సీజియో ఫారాల్లో కోళ్లను పట్టి లారీలకెక్కించే పనిలో చేరాడు. చేతులనిండా గీరుడు గాయాలు, ఊపిరితిత్తులనిండా ఈకల దుమ్ము. నలభై నిండకముందే మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. తనకు దారి మూసుకుపోయిందని అతనికి తెలుసు. తెరిచి ఉన్న తలుపు ఒక్కటే కనిపించింది. అది కొడుకు.

జాదెర్‌కు ఆట నేర్పింది డాల్వా టీచర్. మున్సిపల్ హాల్లో, వాన కురిస్తే రెండు చోట్ల కారే రేకుల కప్పు కింద, ఆమె పాతికేళ్లుగా పిల్లల చేత ఫుట్‌సాల్ ఆడిస్తోంది. జట్టుకు ఐదుగురు, గట్టి నేల, ఎక్కువగా ఎగరని బరువైన చిన్న బంతి. దాక్కోవడానికి చోటు లేని ఆట అది. బంతి క్షణంలో నీ దగ్గరికి వస్తుంది, మరుక్షణం ఎదుటివాడు మీద పడతాడు. అందుకే బంతి కాలికి తగలకముందే దాన్ని ఏం చేయాలో బుర్ర తేల్చుకోవాలి. లావుపాటి పిల్లవాడికీ, పొట్టివాడికీ, సిగ్గరికీ, అందరికీ బంతి అందుతుంది. మా లోయ నుంచి పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులకు వెళ్లిన ప్రతి కుర్రవాడూ ఇలాంటి హాళ్లలోనే నడక నేర్చాడు. అయినా ఊరివాళ్లకు ఆ హాలంటే చులకనే. అదేదో పిల్లలు ఆడుకునే చోటు, అసలు ఫుట్‌బాల్ గడ్డి మీదే అని మా అందరి నమ్మకం.

ఆ నమ్మకాన్ని పట్టుకునే ఎవాల్దో అనే కోచ్ మా ఊళ్లో దిగాడు. ఊరి చివర గడ్డిమైదానం కౌలుకు తీసుకుని ఫుట్‌బాల్ శిక్షణ అని బోర్డు పెట్టాడు. రాజధాని క్లబ్బుల వాళ్లందరూ తనకు తెలుసన్నాడు. ఒకరోజు హాలు బయట తార్సీజియోను పట్టుకున్నాడు.

"నీ కొడుకు బంగారమయ్యా. ఆ బంగారాన్ని తీసుకెళ్లి సిమెంటు నేలకేసి రుద్దుతున్నావు. క్లబ్బుల వాళ్లు హాల్లోకి తొంగి కూడా చూడరు. పదకొండు మంది ఆటలో, పెద్ద మైదానంలో వీడు ఎలా ఉంటాడన్నదే వాళ్లక్కావాలి. మొక్కగా ఉన్నప్పుడే వంచాలి."

ఆ మాట డాల్వా చెవిన పడింది. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఆమె తార్సీజియోను బెంచీ మీద కూర్చోబెట్టింది. చిన్నప్పుడు అతనికి పాఠాలు చెప్పింది కూడా ఆమే.

"వంచడం వేరు, వేళ్లతో పీకి వేరేచోట నాటడం వేరు. గడ్డి మీదికి పంపొద్దని నేననట్లేదు. వారానికోసారి పంపు. కానీ పదమూడో ఏడు దాకా వీడి కాళ్లు ఇక్కడే ఉండాలి. వాడు పొట్టివాడు, తార్సీజియో. ఆ మైదానంలో ఇప్పుడే దింపావంటే వాడికి బంతి కనిపించదు, బంతికి వాడు కనిపించడు."

"మీకేం టీచరమ్మా, నెల తిరిగేసరికి జీతమొస్తుంది. మీరు ఆగమంటారు. నేను ఆగితే నా ఊపిరి ఆగదా?"

"పిల్లాడేమంటున్నాడు?"

"వాడికేం తెలుసండీ, పిల్లాడు."

ఆ మరుసటి వారం నుంచి జాదెర్ హాలుకు రావడం మానేశాడు. అతని వెనకే ఒకరి తరవాత ఒకరు మిగతా పిల్లలూ మానేశారు. తార్సీజియో కొడుకంతటివాడే వెళ్లాడంటే మనవాడెందుకు వెనకబడాలి అని ప్రతి తండ్రీ అనుకున్నాడు.

గడ్డిమైదానంలో ఏం జరిగిందో చెబుతాను. పెద్దవాళ్లకు కొలిచి కట్టిన మైదానంలో పదేళ్ల పిల్లల్ని వదిలారు. ఒంట్లో బలమున్నవాడు బంతిని గట్టిగా తంతే అది జాదెర్ తలమీదుగా ఎగిరిపోయేది. వాడు దాని వెనక పరుగెత్తేలోపు పొడుగుకాళ్ల పిల్లవాడెవడో అందుకునేవాడు. చలికాలం పొగమంచులో, మడమల దాకా బురదలో, అంచుగీత దగ్గర వాడు చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉండేవాడు. కంచె అవతలి నుంచి తండ్రి గొంతు మాత్రం అందేది.

"అడగరా, బంతి అడుగు. నోరు లేదా నీకు? నిద్రపోతున్నావా అక్కడ?"

ఇంటికొచ్చాక తార్సీజియో అరిచేవాడు కాదు. కొడుక్కి అంతకంటే బరువైన పని చేసేవాడు. తన పళ్లెంలోని మాంసం ముక్క తీసి కొడుకు పళ్లెంలో వేసేవాడు.

"తిను. నువ్వు పెరగాలి."

జాదెర్ కడుపు నిండినా తినేవాడు. తినకపోతే నాన్న ముఖం ఎలా మారుతుందో వాడికి తెలుసు. ఒకసారి మింగలేక పెరట్లోకి వెళ్లి కక్కుకుని, నోరు కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఇవానీర్ చూసింది. ఆ రోజే భర్తతో అంది.

"వాడు పిల్లాడా, మనం మేపే కోడా?"

"నీకు కుట్టుపని మానాలని లేదా?"

ఆమె తల వంచుకుని మళ్లీ సూది అందుకుంది. నడుం పట్టేసి రాత్రిళ్లు పక్కకు ఒత్తిగిల్లలేకపోతున్న మనిషి ఆమె. తన మౌనమే కొడుకు మీద పడ్డ రెండో బరువని ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పన్నెండో ఏట ఎవాల్దో రాజధానిలోని ఒక క్లబ్బులో ఎంపికలకు జాదెర్ పేరు ఇచ్చాడు. తండ్రీ కొడుకులు బస్సులో వెళ్లారు. దారి పొడవునా జాదెర్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆకలి లేదన్నాడు. తార్సీజియో బలవంతంగా రొట్టె తినిపించాడు. మైదానంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు, కంచె వెనక వాళ్ల తండ్రులు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని తండ్రులు. జాదెర్‌కు ఆడే వంతు వచ్చింది, కాసేపటికే అయిపోయింది. బంతి వాడి దగ్గరికి వచ్చినప్పుడు కాలు తడబడింది. మూడేళ్ల కిందట కళ్లు మూసుకుని ఆపగలిగిన బంతి అది.

ఎంపిక చేసే కోచ్ వయసు మళ్లినవాడు, మర్యాదస్తుడు. తార్సీజియోను పక్కకు పిలిచి మాట్లాడాడు.

"మీవాడు ఇంకో నాలుగు వేళ్ల ఎత్తు ఉంటే బాగుండేది. సరే, ఎత్తుదేముంది, దాని కోసం ఆగొచ్చు. నాకు అర్థంకానిది వేరే ఉంది. మీ లోయ పిల్లలంటే బంతి కాలికి అతుక్కుని ఉండేది. ఇరుకులో పడేసినా బయటపడేవాళ్లు. ఈమధ్య వచ్చేవాళ్లలో అది లేదు. హాల్లో ఆడటం మానేశారా ఏంటి?"

తార్సీజియో చెవికి మొదటి మాట ఒక్కటే ఎక్కింది. మిగతాదంతా ఊరట కోసం అన్న మాటలనుకున్నాడు. ఇంటికొచ్చి వంటింట్లో భార్య ముందు కుర్చీలో కూలబడ్డాడు.

"నాలుగు వేళ్లు, ఇవానీర్. నాలుగంటే నాలుగు వేళ్లు. ఆ కాస్త ఎత్తుంటే మనం గట్టెక్కేవాళ్లం."

పక్కగదిలో జాదెర్ ఉన్నాడన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఆ తరవాత పిల్లవాడు మారిపోయాడని ఇవానీర్ గమనించింది. బడి నుంచి రాగానే పెరటి షెడ్డులోకి పోయేవాడు. ఏం చేస్తున్నావంటే ఆటకు సాధన అనేవాడు. నిజంగానే సాధనే. షెడ్డులో గోడకూ గోడకూ మధ్య బట్టలారేయడానికి బిగించిన ఇనుప కడ్డీ ఒకటుంది. దాన్ని పట్టుకుని వేలాడితే ఒళ్లు సాగుతుందని బళ్లో ఎవడో చెప్పాడు. కొన్నాళ్లు ఊరికే వేలాడాడు. ఎత్తు కొలుచుకుని గోడ మీద గీసుకున్న గీత కదల్లేదు. అప్పుడు పాత దాణా సంచిలో ఇటుకలు పోసి, ఆ సంచిని తాడుతో రెండు చీలమండలకూ కట్టుకుని, బల్ల ఎక్కి కడ్డీ పట్టుకుని, బల్లను కాలితో నెట్టేయడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం కడ్డీ గోడలోంచి ఊడి వచ్చింది.

ఇవానీర్ పరుగెత్తుకెళ్లేసరికి పిల్లవాడు కింద పడి ఉన్నాడు. కాళ్లు కట్టేసి ఉండటంతో నిలదొక్కుకోలేకపోయాడు. ఇటుకల సంచి ఎడమ కాలి మీద పడింది. పాదం ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. వాడు ఏడవడం లేదు. ముఖం సున్నంలా తెల్లబడింది. ఆమె వంగి ఎత్తబోతే చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగాడు.

"అమ్మా, ఆ గీత చూడవా. ఏమైనా పెరిగానా?"

ఆమె ఆ మాట ఆ తరవాత ఎవరికీ చెప్పలేకపోయింది. ఒక్క భర్తకు మాత్రం ఆసుపత్రి వరండాలో చెప్పింది.

చికిత్స చేసిన డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రే చూపించి మెల్లగా మాట్లాడింది. ఎముక పొడవు పెరిగేది చివర ఉండే మెత్తటి భాగంలోనేనట. విరిగింది సరిగ్గా అక్కడేనట.

"అతుకుతుంది. నడుస్తాడు. కానీ ఈ కాలు రెండో కాలంత పెరుగుతుందని నేను మాటివ్వలేను. ఇదివరకటి వేగంతో పరుగెత్తుతాడని కూడా చెప్పలేను," అంది. తరవాత కాస్త తటపటాయించి, "ఈ పని వాడి చేత ఎవరు చేయించారు?" అని అడిగింది.

"ఎవరూ చేయించలేదమ్మా," అన్నాడు తార్సీజియో. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "నేనే. నేనే చేయించాను."

డాల్వా టీచర్ ఆసుపత్రికి వచ్చింది. జాదెర్ ఆమెను చూసి గోడవైపు తిరిగిపోయాడు. ఆమె మంచం పక్కన కూర్చుని, దుప్పటి సర్ది, బయటికి వచ్చింది. వరండాలో తార్సీజియో ఆమె కాళ్ల మీద పడేంత పని చేశాడు.

"ఆయన చెప్పాడు టీచరమ్మా. రాజధానిలో ఆ పెద్దాయన. ఎత్తుదేముంది, ఆగొచ్చన్నాడు. హాల్లో ఆడటం మానేశారా అని అడిగాడు. నేను విన్లేదు. నా చెవుల్లో నాలుగు వేళ్లే మోగాయి. నేను ఆ మాట ఇంటికి మోసుకెళ్లి నా కొడుకు నెత్తిన పెట్టాను."

"ఊరుకో. ఒక్క నీ చెవులేనా, ఊరందరి చెవులూ అలాగే ఉన్నాయి," అంది డాల్వా. "గురువారం కౌన్సిల్లో హాలు సంగతి తేలుస్తారట. ఆడే పిల్లలు లేరు కాబట్టి దాణా గోదాముకు ఇచ్చేస్తారు. నీకు మాట్లాడాలనుంటే అక్కడికి రా. ఇక్కడ ఏడిస్తే వాడికి వినపడుతుంది."

తార్సీజియో జీవితంలో ఎప్పుడూ సభలో మాట్లాడినవాడు కాదు. గురువారం పని బట్టలతోనే వచ్చాడు. అధ్యక్షుడు హాలు కప్పు పాడైందనీ, ఈ ఏడు లోయలోని పిల్లల పోటీకి మన ఊరు జట్టునే పంపలేకపోయిందనీ, ఖాళీ హాలు ఊరికి భారమనీ చదివాడు. అప్పుడు తార్సీజియో లేచాడు.

"పిల్లలు లేరన్నారు. నిజమే. లేకుండా చేసింది నేను. ముందు నావాణ్ణి లాక్కెళ్లాను, నన్ను చూసి అందరూ లాక్కెళ్లారు. ఎవాల్దో గడ్డి మీద మన పిల్లలు మూడేళ్లు నిలబడ్డారు. ఆడలేదండీ, నిలబడ్డారు. వాళ్లలో ఒక్కణ్ణయినా ఏ క్లబ్బయినా తీసుకుందా? ఎవాల్దో ఇప్పుడెక్కడున్నాడు? పైఊళ్లో బోర్డు పెట్టుకున్నాడు. మీ పిల్లలు గట్టివాళ్లు కాదన్నాడు నాతో. హాల్లో ఉన్నప్పుడు గట్టివాళ్లే కదా. నా కొడుకు కాలు పోయింది. మిగతా పిల్లలకైనా ఆ చోటు ఉంచండి."

ఒర్లీ వెనక వరసలో తల దించుకుని టోపీ నలుపుకుంటున్నాడు. అధ్యక్షుడు చాలా బాధగా ఉందన్నాడు. ఆ తరవాత చేతులెత్తి ఓటేయమన్నాడు. హాలు గోదాము అయింది.

కథల్లో అయితే ఆ మాటలకు రాతిగుండెలు కరిగేవి. మా ఊళ్లో కరగలేదు. నాలుగు రోజులకే హాలు తలుపుల ముందు దాణా లారీలు ఆగాయి. తార్సీజియో ఆ దారిన పనికి వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి పోయేవాడు. ఇంట్లో జాదెర్ కట్టు కాలుతో కిటికీ పక్కన కూర్చుని ఉండేవాడు. అడిగితే జవాబు, లేకపోతే లేదు. కోపం చూపించినా బాగుండునని తండ్రికి అనిపించేది. వాడు కోపం చూపించలేదు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నాన్నా, ఇల్లు కొనలేను, ఏమనుకోకు," అన్నాడు. తార్సీజియో చెంచా కింద పెట్టి పెరట్లోకి వెళ్లి, గోడకు నుదురానించి చాలాసేపు నిలబడ్డాడు.

డాల్వా మాత్రం ఊరుకోలేదు. బడి ఆవరణలో ఉదయం పిల్లలు వరసల్లో నిలబడే సిమెంటు నేల ఉంది. కాస్త వాలుగా ఉంటుంది, ఒక మూల పగుళ్లు. ప్రధానోపాధ్యాయురాలిని అడిగి ఆ నేల మీద గీతలు గీయించింది. గీతలు గీసింది తార్సీజియోనే. గోల్ స్తంభాలు ఒర్లీ తన వెల్డింగ్ షాపులో చేసి ఇచ్చాడు. మొదటి శనివారం ఆటకు ముందు తార్సీజియో కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"బడి దగ్గరికి వస్తావా?"

"ఎందుకు? నేనింక పనికిరాను కదా."

ఆ మాట తనదేనని తార్సీజియో గుర్తుపట్టాడు. ఎన్నడూ నోటితో అనని మాట. మూడేళ్లుగా ప్రతి ముద్దతోనూ కొడుక్కి తినిపించిన మాట.

"పనికి కాదురా," అన్నాడు. "ఊరికే. పిల్లలు ఆడతారు, చూద్దాం. వద్దంటే ఇంటికొచ్చేద్దాం."

జాదెర్ తండ్రి ముఖంలోకి చూశాడు. తరవాత చంకకర్రలు అందుకున్నాడు.

శనివారం వచ్చిన పిల్లలు కొద్దిమందే. కానీ తల్లిదండ్రులు వచ్చారు. అలవాటు ప్రకారం గీత చుట్టూ చేరి, ఆట మొదలవగానే అరవడం మొదలుపెట్టారు. "తన్నరా, ఏంట్రా ఆ పరుగు, ముందుకెళ్లు." ఎరుపు చొక్కా వేసుకున్న ఒక చిన్నపిల్ల, బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని, ఆట వదిలేసి తండ్రి వైపు చూసింది. ఏం చేయమంటావన్నట్టు. డాల్వా ఈల ఊది ఆట ఆపింది. పెద్దలందరినీ గీతకు దూరంగా, జాదెర్ కూర్చున్న మెట్ల దగ్గరికి రమ్మంది. ఆమె గొంతు పెంచలేదు.

"ఆ పిల్ల బంతిని చూడకుండా నాన్నను చూసింది, గమనించారా? బంతి కాలి దగ్గరున్నప్పుడు పిల్లలు తలెత్తి ఆటను చూడాలి, మన ముఖాలను కాదు. ఈ చిన్న నేల మీద అందరికీ బంతి అందుతుంది. తప్పు చేస్తారు, వెంటనే మళ్లీ బంతి వస్తుంది, దిద్దుకుంటారు. అలా దిద్దుకున్న పిల్లలే ఒకప్పుడు ఈ లోయకు పేరు తెచ్చారు. మనం ఆ పేరు చూసి నేలను మర్చిపోయాం. పునాది తవ్వేసి పైఅంతస్తు కావాలన్నాం. ఈ పిల్లల్లో రేపు ఒకరు పెద్ద మైదానానికి వెళ్తారేమో, ఎవరూ వెళ్లరేమో. నాకు తెలీదు, మీకూ తెలీదు. ఎవరూ వెళ్లకపోయినా ఈ నేల దండగ కాదు."

ఇవానీర్ కొడుకు పక్కన మెట్టు మీద కూర్చుని వాడి వీపు మీద చెయ్యి వేసింది. వాడు చెయ్యి తోసేయలేదు, ఆమె వైపు తిరగనూ లేదు. డాల్వా ఆ ఇద్దర్నీ ఒకసారి చూసి, చివరి మాట చెప్పి, ఈల అందుకుని పిల్లల దగ్గరికి నడిచింది.

"పిల్లలకు ఆడుకునే చోటు ఇవ్వడం పెద్దల బాధ్యత. పెద్దల బతుకులు నిలబెట్టడం పిల్లల బాధ్యత కాదు."